మట్టి పాత్రల్లో వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కుండ మొదటి రోజే చిట్లిపోయిందని కొందరు, నాలుగు వాడకాలకే బూజు పట్టిందని ఇంకొందరు మట్టి పాత్రను అటకెక్కిస్తారు. స్టీలు గిన్నెలకు అలవాటుపడ్డ చేతులకు ఇది మామూలే. మట్టికి రెండు గుణాలున్నాయి: వేడిని నెమ్మదిగా పాకనిస్తుంది, నీళ్లనూ నూనెనూ తాగేస్తుంది. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ రెండింటి దగ్గరికే వస్తుంది.

కొనేటప్పుడు మంచి కుండ అని ఎలా తెలుస్తుంది?

చెవితో మొదలుపెట్టండి. కుండను ఒక అరచేతిలో నిలబెట్టి, రెండో చేతి వేలి కణుపుతో పక్కన కొట్టండి. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలిస్తే బాగా కాలిన కుండ. శబ్దం అక్కడికక్కడే ఆగిపోయి బొంగురుగా వినిపిస్తే, సరిగ్గా కాలలేదనో, కంటికి కనిపించని బీట ఎక్కడో ఉందనో అర్థం. అలాంటిది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

తర్వాత లోపల చెయ్యి పెట్టి గోడ మందం తడిమి చూడండి. ఒక చోట మందంగా, ఇంకో చోట పల్చగా ఉంటే రెండు చోట్లా వేడి ఒకేలా ఎక్కదు, బీట అక్కడే మొదలవుతుంది. మందంగా ఉన్న కుండే గట్టిదని చాలామంది అనుకుంటారు. చేతిలోంచి జారిపడ్డప్పుడు ఆ మాట నిజమే కానీ, పొయ్యి మీద మాత్రం సమానంగా పల్చగా ఉన్న కుండే ఎక్కువ తట్టుకుంటుంది. అడుగు గుండ్రంగా ఉండటం కూడా మేలే. చదును అడుగు, గోడ కలిసే మూల దగ్గర ఒత్తిడి ఎక్కువ. చదును అడుగే కావాలంటే ఆ మూల కోసినట్టు కాకుండా వంపు తిరిగి ఉన్నది చూసుకోండి.

చివరగా తడి తెల్లగుడ్డతో లోపల రుద్దండి. కాస్త మట్టి పొడి అంటితే ఫర్వాలేదు. ఎర్రగా రంగు దిగితే అది పూత. కొన్ని కుండలకు ఎరుపు బాగా కనిపించాలని రంగో, మెరుపు రావాలని వార్నిషో పూస్తారు. అలాంటివి అలంకారానికి సరే, వంటకు పనికిరావు.

నీళ్ల కుండలో వండుకోవచ్చా? పూలకుండీ లాంటివో?

వద్దు. నీళ్ల కుండ ఒంట్లోంచి నీరు చెమర్చాలి, అప్పుడే లోపలి నీళ్లు చల్లబడతాయి. దాన్ని ఆ పనికే చేస్తారు. వంట కుండ మట్టిలో ఇసుకో, అభ్రకమో, పాత పెంకుల పొడో కలుపుతారు. చిన్న బీట పుట్టినా ఆ రేణువు తగలగానే అక్కడే ఆగిపోయేది అందుకే. ఆ కలపడం లేని కుండను మంట మీద పెడితే ఆపడానికి లోపల ఏమీ ఉండదు. పూలకుండీలు, బొమ్మకుండలు ఆహారం కోసం చేసినవే కావు.

లోపల గాజులా మెరిసే పూత ఉన్నవి మంచివా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఆ గాజు పూతను గ్లేజు అంటారు. తక్కువ వేడికే కరిగి మంచి నిగనిగ రావాలని పాతకాలం నుంచీ కొన్ని గ్లేజుల్లో సీసం కలుపుతూ వచ్చారు. ఎక్కువ వేడికి కాల్చలేని చిన్న కుమ్మరి ఆవాల్లో (కుండలు కాల్చే బట్టీల్లో) ఇప్పటికీ ఇది పూర్తిగా పోలేదు. చింతపండు, టమాటా, నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు తగిలితే ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది. ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ. ప్రయోగశాలల్లో పరీక్ష కూడా ఇలాగే చేస్తారు: పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు.

సీసానికి రుచి లేదు, వాసన లేదు. ఒక్క పూటలో ఏమీ తెలియదు. ఒంట్లో, ముఖ్యంగా ఎముకల్లో పేరుకుంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే సురక్షితం అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు.

కాబట్టి గ్లేజు లేని సాదా మట్టి పాత్ర అన్నిటికన్నా నిశ్చింత. గ్లేజుదే కావాలంటే సీసం లేదని, ఆహారానికి వాడొచ్చని తయారీదారు స్పష్టంగా రాసి ఇచ్చినదే తీసుకోండి. ముదురు నారింజ, ఎరుపు, పసుపు రంగుల పాతకాలపు పాత్రలు, ఎక్కడివో తెలియనివి, గ్లేజు మీద సన్నని వెంట్రుకల్లాంటి గీతలు పడినవి అలమరలో అందంగా ఉంటాయి. అక్కడే ఉండనివ్వండి.

నల్ల కుండలు రంగు వేసినవేనా?

కానక్కర్లేదు. ఆవంలో గాలి ఆడకుండా మూసేసి పొగలో కాలిస్తే, మట్టిలోని ఇనుము ఎరుపు పోయి నలుపుకు తిరుగుతుంది, మసి కూడా పైపొరలోకి ఇంకుతుంది. అదే మట్టి గాలి బాగా తగులుతూ కాలితే ఎర్రగా వస్తుంది. తడిగుడ్డ పరీక్ష దీనికీ పనికొస్తుంది.

కొత్త కుండను వాడకానికి ఎలా తయారుచేయాలి?

ఒక రాత్రంతా నీళ్లలో పూర్తిగా మునిగేలా ఉంచండి. ముంచగానే కుండ సన్నగా చుయ్యిమంటుంది, గోడల మీద నుంచి చిన్న చిన్న బుడగలు వరసగా పైకి లేస్తాయి. సూది రంధ్రాల్లోని గాలి బయటికి పోయి నీరు లోపలికి వెళ్తోందన్నమాట. బుడగలు ఆగిపోయాక తీసి చూస్తే రంగు ముదురుతుంది, చేతికి బరువు కూడా తెలుస్తుంది.

పొద్దున బయటకు తీసి, పీచుతో రుద్ది కడిగి, పైన తడి లేకుండా నీడలో ఆరనివ్వండి. తర్వాత ముప్పావు వంతు గంజి గానీ, చిక్కటి బియ్యం కడుగు గానీ పోసి, అన్నిటికన్నా చిన్న మంట మీద పెట్టండి. మరుగు రావడానికి ఎంతసేపు పట్టినా మంట పెంచొద్దు. మరుగు మొదలయ్యాక ఒక గంట అలా ఉంచి, పొయ్యి ఆపేసి, కుండను కదపకుండా అక్కడే చల్లారనివ్వండి. పారబోసి, కడిగి, ఆరబెట్టి, ఇంకో రెండుసార్లు ఇదే చేయండి.

గంజే ఎందుకంటే, అందులోని పిండిపదార్థం 60 నుంచి 80 డిగ్రీల మధ్య నీటిని పీల్చి ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురు రంధ్రాల్లో కూర్చుని ఆరాక కుండ చెమర్చడం తగ్గుతుంది. మొదటిసారి బయట చెమట పట్టినట్టు కనబడితే కంగారు పడొద్దు, మూడోసారికి చాలావరకు ఆగుతుంది.

నూనె రాసి ఎండలో పెట్టమనే వాళ్లూ ఉన్నారు. పల్చగా ఒక పూత అయితే చెడేమీ లేదు. దట్టంగా పట్టిస్తే మాత్రం ఆ నూనె లోపలే ఉండి కొన్నాళ్లకు ముక్కిన వాసన వేస్తుంది. నా ఓటు గంజికే.

ప్రతిసారీ వండే ముందు నానబెట్టాలా?

పొయ్యి మీద వాడే, గంజి పట్టించిన కుండకు అవసరం లేదు. నెలల తరబడి పక్కన పెట్టింది మళ్లీ తీస్తే కాసేపు నానబెట్టి, పైన తడి తుడిచి వాడండి. నీరు పీల్చిన కుండను నేరుగా పెద్ద మంట మీద పెడితే రంధ్రాల్లోని నీరు ఒక్కసారి ఆవిరై గోడను చీల్చే ప్రమాదం ఉంది. ఓవెన్‌లో వాడే మూతకుండలను మాత్రం పావుగంట, 20 నిమిషాలు నానబెట్టే పెడతారు. అవి వదిలే ఆవిరితోనే లోపలిది ఉడుకుతుంది.

గ్యాస్, ఇండక్షన్, ఓవెన్, మైక్రోవేవ్: దేని మీద పనికొస్తుంది?

గ్యాస్ మీద నిక్షేపంగా వాడొచ్చు. మంట కుండ అడుగు దాటి పక్కలకు పాకకూడదు, అంతే. బర్నర్ మీద ఒక ఇనుప జల్లెడ పలక పెడితే వేడి ఒకే చోట కాకుండా పరుచుకుంటుంది. కరెంటు కాయిల్ పొయ్యికి అయితే ఆ పలక తప్పనిసరి.

ఇండక్షన్ మీద పనిచేయదు. ఆ పొయ్యి అయస్కాంతం అంటుకునే లోహాన్నే వేడెక్కిస్తుంది, మట్టి దానికి కనిపించదు. మధ్యలో ఇనుప పళ్లెం పెట్టే పద్ధతి ఉంది కానీ పొయ్యి బాగా కాగిపోతుంది, వంట నత్తనడక నడుస్తుంది.

ఓవెన్ అయితే చల్లగా ఉన్నప్పుడే కుండను లోపల పెట్టి తర్వాత ఆన్ చేయాలి. ముందే వేడిచేసిన ఓవెన్‌లో పెట్టొద్దు. మైక్రోవేవ్‌లో మట్టి పీల్చుకున్న నీరే వేడెక్కి కుండ చెయ్యి కాలేలా అవుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. దానికోసమే చేశామని చెప్పినవి తప్ప మిగతావి వద్దు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పగిలిపోతోంది. ఎందుకు?

వేడెక్కిన వస్తువు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం వేడిని మట్టికన్నా వంద రెట్లకు పైగా వేగంగా పాకనిస్తుంది కాబట్టి గిన్నె అంతా దాదాపు ఒకేసారి వేడెక్కుతుంది. మట్టిలో అడుగు 200 డిగ్రీలకు చేరినా అంచు ఇంకా చల్లగానే ఉండొచ్చు. అడుగు పెరుగుదామంటుంది, అంచు కదలనంటుంది. ఆ గుంజులాటలో చీలేది మట్టే. లోహమైతే కాస్త సాగి ఊరుకుంటుంది, మట్టికి సాగే గుణం లేదు.

చాలా కుండలు వేడెక్కేటప్పుడు కాదు, చల్లబడేటప్పుడే పోతాయి. దించిన కుండను గ్రానైట్ గట్టు మీద పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పని. రాయి అడుగులోని వేడిని లాగేస్తుంది, టిక్ మని చిన్న శబ్దం వస్తుంది, అంతే. చెక్క పీట గానీ, గుడ్డతో చుట్టిన చుట్టకుదురు గానీ పొయ్యి పక్కనే సిద్ధంగా ఉంచుకోండి. రెండోది, ఉడుకుతున్న కూరలో చన్నీళ్లు పోయడం. నీళ్లు చాలకపోతే వేడినీళ్లే పోయాలి. మూడోది, వేడి కుండను సింకులో పెట్టి కుళాయి తిప్పడం. ఫ్రిజ్‌లోంచి తీసిన కుండను నేరుగా పొయ్యెక్కించడం కూడా ఇదే కోవలోది. మాంసం గడ్డకట్టి ఉంటే కరిగాకే వేయండి.

ఖాళీ కుండను ఎప్పుడూ మంట మీద పెట్టొద్దు. ముందు లోపల కొంచెమైనా నీళ్లో, పదార్థమో ఉండాలి, తర్వాతే మంట. మొదటి ఐదు నిమిషాలు సన్న సెగ, తర్వాత మధ్యస్థం. పెద్ద మంట అనే మాటే ఈ వంటలో లేదు.

మరి తాలింపు ఎలా? ఉల్లిపాయలు వేయించాలంటే?

తాలింపు విడిగా చిన్న ఇనుప గరిటెలో పెట్టుకుని చివర్లో పోసుకోవడం సుఖం. ఆవాలు చిటపటలాడే వేడికి ఒట్టి కుండను తీసుకెళ్తే, ఆ తర్వాత పోసే నీళ్లకు అది నిలవదు. ఉల్లిపాయలు కుండలోనే వేయించాలంటే నూనె, ఉల్లిపాయలు చల్లగా ఉన్నప్పుడే కలిపి వేసి, సన్న మంట మీద మూత పెట్టి మగ్గనివ్వండి. బంగారు రంగు రావడానికి టైం పడుతుంది. గరిటె మాత్రం చెక్కదే, స్టీలుది లోపలి పైపొరను గీస్తుంది.

అన్నం, పప్పు వండేటప్పుడు ఏం గుర్తుంచుకోవాలి?

కుండను మూడింట రెండు వంతులు మించి నింపొద్దు. పొంగి గోడల మీదుగా కారిన ధార కూడా బీటకు కారణమవుతుంది. అన్నం పలుకు ఇంకా కొద్దిగా ఉండగానే మంట ఆపేసి మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయండి. మిగతా పని కుండలోని వేడే చేసుకుంటుంది. పూర్తిగా ఉడికేదాకా మంట మీదే ఉంచితే అడుగంటుతుంది, ఎందుకంటే స్టీలు గిన్నెలా ఇది మంట ఆపగానే చల్లబడదు. ఈ అలవాటు రావడానికి కొన్ని పూటలు పడుతుంది.

పప్పులను నానబెట్టి వేయండి. పులుపు మాత్రం పప్పు మెత్తబడ్డాకే కలపాలి. ముందే చింతపండో టమాటానో పడితే పప్పు గింజ గోడలు గట్టిగానే ఉండిపోతాయి. కుక్కర్‌లో దాదాపు 120 డిగ్రీల వేడి ఈ తప్పును కప్పేస్తుంది. మామూలు మరుగు 100 డిగ్రీలే కాబట్టి కుండ కప్పదు.

రాజ్మా లాంటి గింజలు సన్న సెగ మీద గంటల తరబడి పెట్టేస్తే చాలు కదా?

ఇక్కడ జాగ్రత్త. పచ్చి రాజ్మా గింజల్లో లెక్టిన్ అనే ఒక రకం విషపు ప్రొటీన్ ఉంటుంది. సరిగ్గా మరగకుండా గోరువెచ్చగా, సలసలలు లేకుండా ఉడికితే అది నశించదు, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గట్టిగా తెర్లుతుండగా అరగంట ఉడకనివ్వండి. ఆ తర్వాత సెగ తగ్గించి ఎంతసేపైనా మగ్గించుకోవచ్చు. మట్టి పాత్రలో మరుగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి గడియారం పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి కాదు, బుడగలు గట్టిగా లేచిన దగ్గర నుంచి చూడాలి.

పుల్లటి కూరలు, ఉప్పు ఎక్కువ ఉన్నవి వండొచ్చా?

గ్లేజు లేని కుండలో పుల్లటి కూరలు హాయిగా వండొచ్చు, అసలు వాటికే బాగుంటుంది. వండాక నిల్వ మాత్రం ఉంచొద్దు. ఉప్పునీరు గోడలోకి ఇంకి, ఆరినప్పుడు లోపలే స్ఫటికాలు కడుతుంది. అవి పెరిగే కొద్దీ పైపొర పొరలు పొరలుగా ఊడుతుంది. గ్లేజు లేని కుండలో ఊరగాయ పెడితే బయట తెల్లగా పొలుసులు లేచేది ఇందుకే.

మట్టి పాత్రలో వండితే ఆరోగ్యానికి మంచిదట, పోషకాలు పోవట, ఆమ్లం విరిగిపోతుందట. నిజమేనా?

చాలావరకు కాదు. మట్టికి క్షారగుణం ఉంది కాబట్టి ఆహారంలోని ఆమ్లాన్ని విరిచేస్తుందంటారు. అలా అయితే చింతపండు పులుపు కుండలో మాయమవ్వాలి కదా, నాలుకే సాక్ష్యం. కొన్ని వందల డిగ్రీల్లో కాలిన మట్టి రాయిలా స్థిరపడిపోతుంది. అందులోంచి ఆహారంలోకి ఏదో కాస్త ఖనిజం దిగినా పోషణ కింద లెక్కవేసేంత ఉండదు.

విటమిన్ల మాటకొస్తే, సి విటమిన్ వేడికీ సమయానికీ నశిస్తుంది, నీళ్లలోకి దిగిపోతుంది. కుండలో వంట ఆలస్యం కాబట్టి కొన్నిసార్లు ఎక్కువే పోవచ్చు కూడా.

అలాగని ఏ మేలూ లేదనడం అన్యాయం. గీతలు పడి ఊడిపోయే పూతలు సాదా మట్టికి ఉండవు. వేయించడం తగ్గి మగ్గించడం పెరుగుతుంది కాబట్టి నూనె తక్కువ పడుతుంది. రుచి తేడా మాత్రం నిజంగా ఉంది: సన్న సెగ మీద ఎక్కువసేపు ఉడకడం, తడి నెమ్మదిగా తగ్గి పులుసు చిక్కబడటం, వడ్డించేదాకా వేడి నిలవడం, ఇవన్నీ కలిసి వచ్చే రుచి అది. ఆ రుచి కోసం కొనండి. మందు అనుకుని కొంటే నిరాశే.

గ్యాస్ ఆదా అవుతుందా?

మొదట్లో ఎక్కువే ఖర్చవుతుంది, చివర్లో ముందే ఆపేయడం వల్ల కొంత తిరిగొస్తుంది. కుక్కర్‌తో పోలిస్తే ఆదా ఏమీ లేదు.

సబ్బుతో కడగొచ్చా?

వద్దు. సబ్బు నీళ్లు రంధ్రాల్లోకి వెళ్లి తర్వాతి పూట కూరలో బయటపడతాయి. కుండ పూర్తిగా చల్లారాక గోరువెచ్చటి నీళ్లు, కొబ్బరి పీచు చాలు. జిడ్డుంటే కాస్త వంటసోడా గానీ శనగపిండి గానీ వేసి రుద్దండి. అడుగంటితే గోకకుండా సోడా కలిపిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. డిష్‌వాషర్‌లో పెట్టనే వద్దు.

ఆరబెట్టడం కడగడం కన్నా ముఖ్యం. గట్టు మీద చదునుగా బోర్లిస్తే లోపలి తడి అక్కడే ఉండిపోతుంది. పక్కకు వాల్చి, గాలి రెండువైపులా ఆడేలా, వీలైతే ఎండలో పెట్టండి. పైకి ఆరినట్టు కనిపించినా గోడ లోపల తడి ఇంకా ఉంటుంది, ఇంకో పూట ఆగండి. మూత వేరుగా, కుండ వేరుగా దాచాలి.

చేపల వాసన పోవడం లేదు. ఏం చేయాలి?

వంటసోడా నీళ్లు పోసి సన్న సెగ మీద కాసేపు మరిగించి ఎండలో పెడితే చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. కొవ్వు మట్టిలోకి ఎంత లోతుగా ఇంకుతుందంటే, వేల ఏళ్ల నాటి పెంకుల్లో మిగిలిన కొవ్వు ఆనవాళ్లను బట్టి అప్పట్లో అందులో ఏం వండారో పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు. మన సోడా ఎంతని పోరాడుతుంది! చేపలకు, మాంసానికి ఒక కుండ, పాలు, పెరుగుకు ఒకటి, మిగతా వాటికి ఒకటి పెట్టుకోవడమే దారి.

లోపల తెల్లగా ఏదో పట్టింది. బూజా?

వేలితో తుడిచి చూడండి. పొడిగా, ముగ్గులా రాలి, నీళ్లలో కరిగితే అది ఉప్పు. నీళ్లలోనో మట్టిలోనో ఉన్న లవణాలు ఆరేటప్పుడు పైకి తేలాయన్నమాట, హాని లేదు. మెత్తగా దూదిలా ఉండి, ముక్కిన వాసన వేస్తే, పచ్చ నలుపు మచ్చలుంటే బూజు. పీచుతో రుద్ది కడిగి, వెనిగర్ కలిపిన నీళ్లు ఒక అరగంట పోసి ఉంచి, తర్వాత మంచినీళ్లు మరిగించి, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టండి. అయినా మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే లోపలిదాకా పాకినట్టే, ఇక వంటకు వాడొద్దు.

మట్టి పాత్రలో పెరుగు గట్టిగా ఎందుకు తోడుకుంటుంది?

గోడ కొంత నీటిని పీల్చేస్తుంది కాబట్టి. పీల్చిన నీరు బయట ఆవిరయ్యేటప్పుడు పాత్ర చల్లబడుతుంది, అందుకే త్వరగా పులిసిపోదు కూడా. పెరుగు కుండను ప్రతిసారీ మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టకపోతే పాత తోడు వాసన పట్టేస్తుంది.

వండినది అందులోనే రాత్రి దాకా ఉంచొచ్చా? వేడి నిలుస్తుంది కదా.

వేడి నిలవడమే ఇక్కడ చిక్కు. 60 డిగ్రీలకు కింద, 5 డిగ్రీలకు పైన ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. కుండ నెమ్మదిగా చల్లబడుతుంది కాబట్టి ఆ మధ్యలోనే గంటల తరబడి ఉండిపోతుంది. అన్నం విషయంలో మరీ జాగ్రత్త, దాంట్లో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు మిగిలింది వెడల్పాటి స్టీలు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

సన్నని గీత పడింది. ఇంకా వాడొచ్చా?

నీళ్లు పోసి ఒక గంట పొడి కాగితం మీద ఉంచండి. కాగితం తడవకపోతే గీత పైపైనే ఉంది, చిన్న మంట మీద వాడుకుంటూ ఒక కన్నేసి ఉంచొచ్చు. తడిస్తే బీట అవతలి దాకా వెళ్లినట్టే. పాలు కాచితే మూసుకుపోతుందనే చిట్కాతో కారడం కొన్నాళ్లు ఆగొచ్చు కానీ కుండకు బలం రాదు. మరుగుతున్న కూరతో సహా అది ఎత్తేటప్పుడు చేతిలో విడిపోతే కాలేది మన కాళ్లే. జిగురుతో అతికించినది కూడా అంతే, జిగురు వేడికి కరిగి ఆహారంలో కలుస్తుంది. బీటపడ్డ కుండలో పొడి పప్పులో, ఉల్లిపాయలో పోసుకోండి, గాలి ఆడుతుంది కాబట్టి ఉల్లిపాయలు త్వరగా కుళ్లవు.